ఉప్పుసీమలో సెల్లమ్మ

(‘అష్టదుర్గం’ ధారావాహిక, పదకొండో భాగం)

పోయిన వారం రంజనిని కంప్యూటరు ముందు కూర్చోబెట్టి, మగ్గాల షెడ్డు షట్టరు కిర్రుమని పైకి లేస్తున్న చప్పుడు దగ్గర కథ ఆపాను. వచ్చింది తమ్ముడే అయ్యుంటాడని మీలో ఆశపడినవాళ్ళు ఉన్నారు. ఆ పిల్లా అలాగే ఆశపడి కుర్చీలోంచి సగం లేచింది. వచ్చినవాడు దామోదరన్. వాడి వెనకాలే వాడి మనిషి పళని. ఇద్దరూ లోపలికి రాగానే షట్టరు మళ్ళీ కిందికి దిగింది.

ఇప్పుడే చదవడం మొదలుపెట్టినవాళ్ళకు నాలుగు మాటలు చెప్పుకోవాలి. ఈ దామోదరన్ శోళవరం మనిషి. కాట్టుపల్లి రేవు దగ్గర కాంట్రాక్టు కూలీలకు మేస్త్రీ. నడుముకు కట్టుకునే బెల్టు కూడా ఇవ్వకుండా మనుషుల్ని ఎత్తులకు ఎక్కిస్తున్నాడని అర్జీ రాసిన కన్నన్ అనే వెల్డర్‌ను రేకుల గదిలో ఇనుప రాడ్డుతో కొట్టి చంపాడు. జారిపడి చచ్చాడని ఊరందర్నీ నమ్మించాడు. కానీ అక్కడే కూలి చేసే రంజని తమ్ముడు చంద్రు అప్పుడు అదే గదిలో అటక మీద పడుకుని ఉన్నాడు, ప్రతి దెబ్బనూ కళ్ళారా చూశాడు. చూసినవాడు కట్టుబట్టలతో పారిపోయాడు. అది జరిగి ఆరు రోజులు. మూడో రోజే దామోదరన్ మనుషులు తిరుత్తణి వచ్చి ఈ ఇంట్లో ఉన్న ఫోన్లన్నీ లాక్కుపోయారు. రేపు పొద్దున చంద్రు తిరువళ్ళూరు కోర్టులో మేజిస్ట్రేటు ముందు నిలబడి తను చూసింది చెప్పాలి. కారు పంపి పిలిపిస్తానని వకీలు మాట ఇచ్చాడు. కారు ఎక్కడికి పంపాలో ఒక్క చంద్రుకే తెలుసు. అది వాడు అక్కకు చెప్పడానికి మిగిలిన చోటు ఒకటే, అష్టదుర్గం.

అష్టదుర్గం అంటే ఊరు కాదు, ఆన్‌లైన్ ఆట. ఎనిమిది కోటలు, వాటి నడుమ ఉప్పుసీమ. మిగతా రాజ్యాల్లో తెర మూలన దారి చూపే పటం ఉంటుంది. ఉప్పుసీమలోకి అడుగుపెట్టగానే అది మాయమవుతుంది. నేలా తెలుపే, ఆకాశమూ తెలుపే, నీడ పడదు, దిక్కు తెలియదు. ఎవడి దారి వాడు కాగితం మీద గీసుకుని నడవాల్సిందే. అక్కడ రెండు బొమ్మలు పక్కపక్కన నిలబడి టైపు చేసుకున్న మాటలు ఆ ఇద్దరికే కనబడతాయి, కాసేపటికి చెరిగిపోతాయి. అందుకే చంద్రు ఆ చోటు ఎంచుకున్నాడు. అక్కడ చస్తే మాత్రం ఏడు రోజుల దాకా ఆట మళ్ళీ లోపలికి రానివ్వదు.

ఈ రోజు పదకొండింటికి ఉప్పుసీమలోని శంఖు మండపం దగ్గర ఉంటానని, ఫోన్లు పోకముందే వాడు కబురు పెట్టాడు. ఆ కబురు ఫోన్లతోపాటే దామోదరన్ కంటా పడింది. చంద్రు దారి గీసిన గ్రాఫు కాగితం బీరువాలో దొరికింది. నడిపించడానికి వాడు సరదాగా తయారుచేసుకున్న రెండో బొమ్మ ఉంది. దాని పేరు సెల్లమ్మ. చనిపోయిన వాళ్ళ అవ్వ పేరు. గోచీ పోసి కట్టిన ఎర్రచీర, నుదుట ఇంత బొట్టు, భుజం మీద మనిషెత్తు గొడ్డలి. అవ్వ బతికుంటే ఆ గొడ్డలి కామతోనే మనవడి వీపు పగలగొట్టి ఉండేది.

ఇక షెడ్డులోకి పోదాం. టైము పదిన్నర దాటింది. తల్లి అలిమేలమ్మ చక్కెర జబ్బు పరీక్షకని తిరువళ్ళూరు ఆసుపత్రికి పోయింది. తండ్రి ఆదికేశవులు గుంతమగ్గం మీద పట్టుచీర నేస్తున్నాడు. అరవై మూడేళ్ళ మనిషి. పళని ఆయన్ను రెక్క పుచ్చుకుని గుంతలోంచి పైకి ఈడ్చేసరికి మోకాలు చెక్క అంచుకు కొట్టుకుని చర్మం లేచిపోయింది. రంజని అడ్డం పోయింది. పళని వెనక్కి తిరగకుండానే మోచేత్తో పొడిచాడు. ఆమె పెదవి పగిలి నోరంతా రక్తం ఊరింది. అరిచింది కూడా. ఏం లాభం? ఆ వీధిలో పగలంతా నలభై పవర్‌లూములు తిరుగుతుంటాయి, పక్కింట్లో చెంబు పడితే వినబడదు, మనిషి అరుపు ఎవడికి వినిపిస్తుంది?

దామోదరన్‌కు గొంతు పెంచే అలవాటు లేదు. ఈ ఇంట్లో రెండుసార్లు అన్నం తిన్నవాడు. వాడు గోడవారన ఉన్న పవర్‌లూము దగ్గరికి పోయి, చుట్టంగా వచ్చినవాడు అడిగినట్టే అడిగాడు, నూలు మోసుకుపోయే ఈ నాడె ఎక్కడ బయల్దేరి ఎక్కడికి పోతుంది పెద్దాయనా అని. ఆదికేశవులు పిచ్చి మారాజు. నలభై ఏళ్ళుగా వచ్చినవాళ్ళందరికీ చెప్పిన అలవాటు కొద్దీ ఆ స్థితిలోనూ వివరంగా చెప్పాడు. ఈ పెట్టెలోంచి ఆ పెట్టెకు కొడుతుందని, నిమిషానికి నూటయాభై మార్లని, రెండు కొసలకూ ఉక్కు ములుకులు ఉంటాయని, అందుకే నడుస్తున్నప్పుడు పిల్లల్ని దగ్గరికి రానివ్వమని.

దామోదరన్ అంతా విని తల ఊపాడు. ఆ తర్వాత ఆయన కుడిచెయ్యి పట్టుకుని ఆ పెట్టె నోటికి అడ్డంగా పెట్టి, మగ్గానికి వాడే నైలాను తాడుతోనే కట్టేశాడు. చెయ్యి కట్టాక లాగి చూశాడు. అప్పటికి గానీ ఆదికేశవులుకు తను ఏం చెప్పాడో తెలిసిరాలేదు.

“ఆడు పాపా,” అన్నాడు దామోదరన్. “నీ తమ్ముడు యాడుండాడో వాడి నోటితోనే చెప్పించు. దోవ తప్పించినావంటే నేను ఈ మగ్గం హ్యాండిల్ లాగుతా. అంతే, పెద్ద కథేం లేదు.”

రంజని బతిమాలింది. అన్నా అని పిలిచింది, మా చేతి కూడు తిన్నావే అంది, తమ్ముడు నోరు విప్పకుండా నేను చూసుకుంటానంది. వాడు హ్యాండిల్ మీద చెయ్యి వేసుకుని గోడ గడియారం చూస్తూ నిలబడ్డాడు. మనిషి కోపంగా ఉంటే ఏదో ఒకటి మాట్లాడి చల్లార్చవచ్చు. వీడికి కోపమే లేదు.

రంజని తిరువళ్ళూరులో ఒక పరీక్షల ల్యాబులో పనిచేస్తుంది. రోజుకు నలభై మందికి రక్తం తీసే చెయ్యి ఆమెది. ఆ చెయ్యి కీబోర్డు మీద పెట్టి ఆట తెరిచింది.

పళని కుర్చీ వెనక నిలబడ్డాడు. గ్రాఫు కాగితం వాడి చేతిలోకి పోయింది. దామోదరన్‌కు ఇదంతా బొమ్మలాట, పళనికి మాత్రం ప్రాణం. కూలీల గదిలో రాత్రిళ్ళు వాడూ ఇదే ఆట ఆడేవాడు, చంద్రు చేతిలో పదకొండు మార్లు చచ్చాడు. మనిషిని చంపినవాడి పక్కన తిరుగుతూ కూడా ఆ పదకొండు చావులు వాడు మరిచిపోలేదు, అదేం కక్షో మరి. కాగితం తను చదువుతానని, ఆమె బొత్తాలు నొక్కితే చాలని, టైపు చేయడానికి తన అనుమతి లేకుండా ఒక్క అక్షరం ముట్టుకుంటే వేళ్ళు విరుస్తానని చెప్పాడు.

సెల్లమ్మ ఉప్పుసీమలోకి దిగింది. కాలి కింద ఉప్పు కరకరలాడింది. మొదటి గుర్తు నల్ల గుండు. అది కనబడగానే పళని కాగితం చూసి ఎడమకు తిప్పమన్నాడు. తిప్పింది. నూరడుగులు పోయిందో లేదో తెల్లటి నేల మీద తెల్లటివే ఏవో కదిలాయి. ఉప్పుకుక్కలు. వాటిలో కళ్ళు తప్ప ఇంకేమీ కనబడవు, ఆ కళ్ళు ఎర్రగా ఏడెనిమిది జతలు ఉన్నాయి.

మొదటిది గొంతు మీదికి దూకింది. రంజని వేలు బొత్తాం మీద పడింది, గొడ్డలి లేచింది, కుక్క తల ఒకవైపు, మొండెం ఒకవైపు పడి ఉప్పు మీద నల్లటి రక్తం చిమ్మింది. రెండోది పిక్క పట్టుకుంది. మూడోది వెనకనుంచి. సెల్లమ్మ తిరిగి నరికింది, మళ్ళీ నరికింది. రంజని పళ్ళు బిగించి కొట్టింది. నిజం చెప్పాలంటే ఆ నాలుగు నిమిషాలూ ఆమె నరికింది కుక్కల్ని కాదు. ప్రతి దెబ్బా వెనకనున్న ఇద్దరి మెడల మీదే వేసుకుంది మనసులో. అయిదు చచ్చాయి. మిగిలిన మూడూ తరుముకొస్తుంటే దిక్కూ దెసా చూడకుండా పరుగెత్తించింది. సెల్లమ్మ ఒంట్లో మూడో వంతు ప్రాణం మిగిలింది. పరుగు ఆగేసరికి ఎదురుగా ఇరుసు విరిగి ఒరిగిపోయిన రాతిరథం ఉంది. కాగితంలో అది రెండో గుర్తు.

పళని ఈల వేశాడు. కుక్కలు ఎటుపోయినా తగులుతాయి, రథం దొరికింది, ఇక ఒక్క మలుపేనని మేస్త్రీకి చెప్పాడు. దామోదరన్‌కు అదంతా పట్టలేదు. తెరమీద సెల్లమ్మ ప్రాణం చూపే ఎర్రగీత కరిగిపోవడం మాత్రం చూశాడు. పిల్ల కావాలనే చంపించుకోబోయిందని తేల్చేశాడు. గూట్లోంచి స్పానరు తీసుకుని, ఆదికేశవులు ఖాళీగా ఉన్న ఎడమచేతిని మగ్గం దిమ్మె మీద పరిచి, చిటికెన వేలు మీద ఒక్కటే కొట్టాడు.

పచ్చి కొమ్మ విరిగిన శబ్దం వచ్చింది. ఆదికేశవులు నోరు తెరిచాడు, కేక బయటికి రాలేదు, కాళ్ళు మాత్రం నేలకేసి తన్నుకున్నాయి. కట్టేసిన చెయ్యి ఆధారంగా వేలాడి మళ్ళీ నిలదొక్కుకున్నాడు. వాడి చెయ్యి పడిపోవాలి, వాడి వంశం నాశనం కావాలి అని రంజని లోలోపల తిట్టింది. పైకి మాత్రం, నాకు చేతకాక కుక్కల మధ్యకు పోయినా అన్నా, కావాలని కాదు, అంది.

“చేతకాకుంటే నేర్చుకో,” అన్నాడు దామోదరన్. “ఇంకా తొమ్మిది వేళ్ళుండాయి.”

పళని తరువాతి మలుపు సరిగ్గా చూద్దామని కాగితాన్ని పైకెత్తి వెంటిలేటరు వెలుతురుకు పట్టాడు. వెనకవైపు ఏమైనా రాసుందేమోనని వాడి అనుమానం. ఎండ కాగితంలోంచి దూసుకొచ్చింది. కుర్చీలో పక్కకు తిరిగి ఉన్న రంజనికి గీతలన్నీ అవతలివైపునుంచి కనబడ్డాయి.

నల్ల గుండు, దాని పక్క దారి, రాతిరథం ఒరిగిన వైపు, అన్నీ తెరమీద ఉన్నట్టే ఉన్నాయి. కాగితం ముందువైపునుంచి చూస్తే కుడి ఎడమ అవుతోంది. వెనకనుంచి చూస్తే సరిపోతోంది. చంద్రు దారి మొత్తం తిరగేసి గీశాడు.

ఎందుకు గీశాడో ఆమెకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ ఇంట్లో చీరను మంచి ముఖం కిందికి పెట్టి నేస్తారు. నేసేవాడి కళ్ళెదుట ఉండేది ఎప్పుడూ చీర వెనక ముఖమే. అసలు ముఖం ఎలా వస్తోందో చూడాలంటే మగ్గం కింద అద్దం పెట్టుకుని వంగి చూసుకోవాలి. పదేళ్ళ వయసునుంచి చంద్రు నాయనకు డిజైను గ్రాఫులు గీసిచ్చాడు. నేసేటప్పుడు చూసుకోవడానికి వీలుగా వెనక ముఖమే గీసేవాడు. చీరలో చిలక కుడివైపు చూడాలంటే కాగితంలో ఎడమవైపు చూసేది. గ్రాఫు కాగితం చేతిలోకి వస్తే చాలు వాడి పెన్సిలు తిరగేసే పోతుంది. ఉప్పుసీమకు దారి గీస్తున్నప్పుడూ ఆ చెయ్యి అదే పని చేసింది. వీడి తెలివి తెల్లారినట్టే ఉంది అని ఆమెకు ఏడుపులో నవ్వొచ్చింది.

నవ్వు అక్కడే ఆగిపోయింది. పళని కాగితం దించి, రథం దగ్గర కుడికి తిరిగితే నేరుగా మండపమేనన్నాడు. ఎడమన ఊబి ఉందట, అటు పోతే నిలువునా మింగేస్తుందట. అంటే మండపం ఎడమన ఉంది. ఊబి కుడిన ఉంది.

ఇది తెలిసింది షెడ్డులో తనొక్కదానికేననుకుంది. కాగితం తిరగబడిందని నోరు విప్పితే అయిదు నిమిషాల్లో తమ్ముడి ముందు నిలబడుతుంది. వాడు అమాయకంగా చోటు చెప్పేస్తాడు, సాయంత్రానికి కన్నన్ పక్కన వాడినీ పడుకోబెడతారు. నోరు మూసుకుని కుడికి పోతే సెల్లమ్మ ఊబిలో కూరుకుపోతుంది, ఆట ఏడు రోజులు మూతపడుతుంది, తమ్ముడు దక్కుతాడు. నాయన చెయ్యి పోతుంది. నలభై ఏళ్ళు ఇంటిని నిలబెట్టిన చెయ్యి.

తెరమీద రథం దగ్గర సెల్లమ్మ గొడ్డలి దించుకుని ఊపిరి పీలుస్తోంది. రంజని వేళ్ళు కదలలేదు. ఏ బొత్తాం నొక్కినా ఒకరిని చంపుతున్నట్టే ఉంది ఆమెకు. పళని భుజం మీద గుద్దాడు. దామోదరన్ హ్యాండిల్‌ను వేళ్ళతో తడుతున్నాడు. ఆమె తల తిప్పి తండ్రి వైపు చూసింది. ఏమని చూసిందో ఆమెకే తెలియదు.

ఆదికేశవులు ఆమెను చూడటం లేదు. పళని చేతిలోని కాగితాన్ని చూస్తున్నాడు. వెలుతురుకు పట్టినప్పుడు ఆయనకూ కనబడింది. వేలు విరిగి ముఖం పాలిపోయినా కళ్ళు నేతగాడివే. కొడుకు చేసిన పని ఆయనకు రెప్పపాటులో అర్థమైపోయింది. కట్టేసిన తన కుడిచేతిని ఒకసారి చూసుకున్నాడు. ఆ తర్వాత కూతురి వైపు తిరిగాడు.

“పాపా,” అన్నాడు. గొంతు మామూలుగానే ఉంది. “తమ్ముడు గీసిన కాగితం గదా. దాంట్లో ఎట్లుంటే అట్లే పో. వేరే యోచన ఏమీ చెయ్యొద్దు.”

“పెద్దాయన బుద్ధిగా చెప్తాండాడు, విను,” అన్నాడు దామోదరన్.

రంజనికి కంటినిండా నీళ్ళు నిండి తెర కనబడలేదు. నాయన ఏం ఇచ్చేస్తున్నాడో ఆ గదిలో ఇద్దరికే తెలుసు, దామోదరన్ దాన్ని తనకు విధేయత అనుకుని సంబరపడుతున్నాడు. ముంజేత్తో కళ్ళు తుడుచుకుంది. వద్దు నాయినా అని అరవాలనిపించింది. అరిస్తే ఆయన ఇచ్చింది కూడా చేతికి దక్కదు. కుడివైపు బొత్తాం నొక్కింది.

సెల్లమ్మ నడిచింది. పరుగెత్తించమని పళని అన్నాడు, రంజని పరుగెత్తించలేదు. ఒక్కో అడుగూ ఒక్కో నిమిషం నాయన చేతికి ఆయుష్షు. ఉప్పు మెల్లగా బూడిదరంగుకు తిరిగింది, కాలి చప్పుడు కరకరనుంచి చిత్తడికి మారింది. పళని ముఖం చిట్లించాడు, మండపం దగ్గర నేల ఇట్లా ఉండదే అని గొణిగాడు. మోకాళ్ళ దాకా దిగబడింది. ఇంకో పదడుగులు. రంజని మనసులో తమ్ముడికి చెప్పుకుంది, నువ్వు బతుకు, మేమెట్లో పడతాం అని.

అప్పుడు తెల్లటి పొగలోంచి ఒక మనిషి బొమ్మ నడుచుకుంటూ వచ్చింది.

నల్ల కవచం, భుజాన రెండు కత్తులు. కవచం నిండా పంటిగాట్లు, తలమీది ఎర్రగీత దారంలా సన్నబడి ఉంది. వాడి వెనక ఊబి అంచు పొడవునా ఉప్పుకుక్కల కళేబరాలు గుట్టలుగా పడి ఉన్నాయి. పళని ఎగిరి గంతేశాడు. పదకొండు మార్లు తనను చంపినవాణ్ణి వాడు ఎక్కడున్నా గుర్తుపడతాడు. అది చంద్రు.

రంజని తెర మీదికి వంగింది. ఇక్కడికి ఎందుకు వచ్చాడు? మండపం అవతలి పక్క కదా? చంద్రు తలమీద అక్షరాలు ఒక్కొక్కటే మొలవడం మొదలుపెట్టాయి. మాటలు తెలుగువే, రాత తమిళం. తెలుగు అక్షరాలు వాడికి సరిగా రావు. పళని గొంతెత్తి మేస్త్రీ కోసం చదువుతున్నాడు.

“అక్కా, తిరగేసి గీసేసినా. నాయిన మగ్గం అలవాటు. రాత్రి గుర్తొచ్చింది. నువ్వు ఈ పక్కే వస్తావని తెల్లారినప్పట్నుంచి ఇక్కడే నిలబడుకోని కుక్కల్ని కొడతాండా.”

దామోదరన్ హ్యాండిల్ వదిలి నాలుగడుగుల్లో కుర్చీ వెనకకు వచ్చాడు. వాడి ఊపిరి రంజని మెడకు తగిలింది. సమాధానం రాయమన్నాడు, యాడుండావని అడగమన్నాడు. అడిగే పని పడలేదు. చంద్రు ఆగడం లేదు. అక్క ఎదురుగా ఉంది, ఇక భయం లేదనుకున్నాడు ఆ పిచ్చివాడు.

“టైము లేదు, రాసుకో అక్కా. నేను ఇప్పుడుండేది —”

రంజని గొడ్డలి ఎత్తింది.

మొదటి దెబ్బ భుజం మీద దిగింది. నల్ల కవచం చీలి రక్తం సెల్లమ్మ ముఖాన చిందింది. రాస్తున్న వరస సగంలో తెగిపోయింది. చంద్రు బొమ్మ ఒక అడుగు వెనక్కి తూలింది. తలమీద కొత్తగా ఒక్క మాట వచ్చింది.

“అక్కా?”

ఆ ఒక్క మాట చూడగానే ఆమెకు ప్రాణం పోయినంత పనైంది. వాడికి నడక వచ్చిన కొత్తలో ఇదే షెడ్డులో ఆమె కొంగు పట్టుకుని, మగ్గాల చప్పుడుకు భయపడి అలాగే పిలిచేవాడు. ఒరేయ్ చంద్రూ, వీళ్ళు నా వెనకే ఉన్నార్రా అని కేక పెట్టాలనిపించింది. కేక పెడితే వాడికి వినబడదు. వాడికి తెలిసే భాష ఇప్పుడు ఆమె చేతిలో గొడ్డలి ఒక్కటే. రెండో దెబ్బ మెడ మీద వేసింది. వాడి భుజాన రెండు కత్తులున్నాయి. ఆ ఆటలో వాడిని మించినవాడు లేడు. ఒక్క వేటు వేస్తే సెల్లమ్మ రెండు ముక్కలయ్యేది. వాడు కత్తి దూయలేదు. కదలకుండా నిలబడి ఒక్క క్షణం అక్కనే చూశాడు. అర్థమైందో, మనసు విరిగిందో, దేవుడికే తెలియాలి. ఆమె ఏడుస్తూనే మూడోది వేసింది. తమ్ముడి బొమ్మ మోకాళ్ళ మీద కూలి, ముఖం కిందికి పెట్టి ఊబిలో పడింది. బూడిదరంగు బురద కవచాన్ని, కత్తుల్ని, ఆఖరికి తలమీది పేరునూ మింగేసింది. చంద్రు ఏడు రోజుల దాకా ఆటలో ఎవరికీ దొరకడు.

తెరమీద ఏం జరిగిందో దామోదరన్‌కు తెలియలేదు. వాడు ఇంకా అక్షరాల కోసం వెతుకుతున్నాడు. పళని ముఖంలో నెత్తురు లేదు. పదకొండు మార్లు ప్రయత్నించి తను చేయలేని పని ఈ ఆడపిల్ల మూడు దెబ్బల్లో చేసింది.

“అన్నా, ఇది వాణ్ణి చంపేసింది,” అన్నాడు. “సొంత తమ్ముణ్ణి. ఇంక వాడు మాట్లాడలేడు. ఇది కావాలనే చేసింది.”

దామోదరన్ రంజని ముఖంలోకి చూశాడు. మొదటిసారి వాడికి కోపం వచ్చింది. ఆమె కళ్ళు తుడుచుకోలేదు, తల దించుకోనూ లేదు. చంపినాను, ఏం చేసుకుంటావో చేసుకో అన్నట్టు సూటిగా చూసింది. వాడు జుట్టు పట్టుకుని ఆమె నుదుటిని బల్లకేసి కొట్టాడు, కీబోర్డు రెండు ముక్కలైంది, కనుబొమ్మ చిట్లి రక్తం కంట్లోకి కారింది. ఆమెను అక్కడే వదిలి పవర్‌లూము వైపు నడిచాడు.

రంజని కింద పడలేదు. కుర్చీ పక్కన గోడకు ఆనించి మూడు కొట్టుకర్రలు ఉన్నాయి, నాడెను తన్నే రోజ్‌వుడ్ కర్రలు, ఒక్కోటి చేయంత పొడవు, ఇనుమంత గట్టి. ఒంటికంటితోనే ఒకదాన్ని అందుకుంది. పళని ఆమె భుజం పట్టుకున్నాడు. ఆమె తిరిగి కర్రతో వాడి మోకాలి చిప్ప మీద కొట్టింది. చిప్ప పగిలింది, వాడు అమ్మా అని కూలబడ్డాడు. ఇందాకటినుంచి వేళ్ళతో చేసిన పని ఇప్పుడు రెండు చేతులతో చేస్తోంది, అంతే తేడా.

ఆదికేశవులు దామోదరన్‌ను వస్తుండగా చూశాడు. తన చెయ్యి గురించి ఒక్క మాట అనలేదు. పాపా, షట్టరు ఎత్తుకోని బయటికి పో, నన్ను చూడొద్దు, పో అని మాత్రం గొంతు చిరిగేలా కేక పెట్టాడు.

ఆమె పోలేదు. అయిదడుగుల దూరం ఒక్క దూకులో దాటి, హ్యాండిల్ పట్టుకున్న దామోదరన్ మణికట్టు మీద ఉన్న బలమంతా పెట్టి కొట్టింది. ఎముక విరిగింది. చెయ్యి తోటకూర కాడలా వేలాడింది. వాడు జీవితంలో మొదటిసారి గట్టిగా అరిచాడు, అరుస్తూ తన బరువంతా హ్యాండిల్ మీదే వేసి ఒరిగిపోయాడు.

హ్యాండిల్ కిందికి దిగింది. మోటారు హుంకరించింది, బెల్టు బిగిసింది, మగ్గం తిరగడం మొదలుపెట్టింది.

ఆదికేశవులు చెయ్యి ఇంకా అందులోనే ఉంది.